యాప్ అప్‌డేట్ వెనక కోడ్ జనరేటర్: ఫార్మాటింగ్, వరస, టెస్టులు సరిచేస్తే ఏం మారుతుంది?

ఫోన్‌లో ఓ యాప్‌కి అప్‌డేట్ వస్తుంది. కింద "బగ్స్ ఫిక్స్ చేశాం" అని ఒక్క ముక్క ఉంటుంది. నిజంగా మారింది అంతేనా, ఇంకేమైనా మారిందా? ఈ డౌట్ వాడేవాళ్లకే కాదు, ఒక్కోసారి ఆ యాప్ తయారుచేసిన టీమ్‌కి కూడా వస్తుంది. ఎందుకంటే యాప్‌లోని కోడ్ అంతా ఎవరో కూర్చుని టైప్ చేసింది కాదు. కొంత భాగాన్ని కోడ్ జనరేటర్లు అనే టూల్స్ రాసిపెడతాయి.

మెషీన్ రాసిన కోడ్ పనిచేస్తే చాలు, చూడ్డానికి ఎలా ఉంటే ఏంటి అనుకునేవాళ్లు చాలామంది. అసలు చిక్కు అక్కడే ఉంది. ఇన్‌పుట్‌లో ఒక లైన్ మారితే అవుట్‌పుట్‌లో కూడా ఆ మేరకే మార్పు కనిపించాలి. అలా కాకుండా ఫైలంతా అటూ ఇటూ అయితే, అందులో దాక్కున్న బగ్ ఎవరి కంటికీ కనపడదు. రివ్యూ దాటి నేరుగా మన ఫోన్లలోకి వచ్చేస్తుంది. అందుకే ఫార్మాటింగ్, అవుట్‌పుట్ వరస, టెస్ట్ జనరేషన్ అనే మూడూ అందం కోసం చేసే పనులు కావు. మార్పుని కంటికి కనిపించేలా చేసే పనులు. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

కోడ్ జనరేటర్ అంటే చాట్‌బాట్ ఒక్కటే కాదు

ఈమధ్య కోడ్ జనరేటర్ అనగానే అందరికీ ఏఐ గుర్తొస్తోంది. కానీ ఏఐ చాట్‌బాట్లు రాకముందు నుంచీ వేరే రకం జనరేటర్లు ఉన్నాయి. ఒక వివరణ ఫైల్ ఇస్తే, దాన్ని చదివి, ముందే పెట్టుకున్న రూల్స్ ప్రకారం కోడ్ రాసిపెట్టే ప్రోగ్రామ్‌లు ఇవి. గూగుల్ 2008లో ఓపెన్ సోర్స్ చేసిన ప్రోటోకాల్ బఫర్స్ ఇలాంటిదే. డేటా ఎలా ఉండాలో ఒకచోట రాస్తే జావా, పైథాన్, సీ ప్లస్ ప్లస్ కోడ్‌ని అదే తయారుచేస్తుంది. ఆండ్రాయిడ్‌లో డేటాబేస్ కోసం వాడే రూమ్, యాప్ భాగాలను ఒకదానితో ఒకటి కలిపే డ్యాగర్, రెండు ప్రాసెస్‌ల మధ్య మాటలు నడిపే ఏఐడీఎల్, ఇవన్నీ బిల్డ్ సమయంలో కోడ్ పుట్టించేవే.

మనకి తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. ఫోన్లను పోల్చి చూపించే యాప్ ఒకటి ఉందనుకోండి. వివరణ ఫైల్‌లో పేరు, ధర, ర్యామ్, స్టోరేజ్, బ్యాటరీ అని ఐదు ఫీల్డ్‌లు ఉన్నాయి. ఇప్పుడు కొత్తగా ఛార్జింగ్ స్పీడ్ చేర్చారు. మంచి జనరేటర్ అయితే కొత్త కోడ్‌లో ఛార్జింగ్ స్పీడ్‌కి సంబంధించిన నాలుగైదు లైన్లే కనిపిస్తాయి. చెడ్డ జనరేటర్ అయితే బ్యాటరీ పైకెళ్తుంది, పేరు కిందకొస్తుంది, స్పేస్‌లు మారతాయి, రెండొందల లైన్లు మారినట్టు చూపిస్తుంది. ఆ గోలలో ర్యామ్ చోట స్టోరేజ్ పడినా ఎవరు గమనిస్తారు? రివ్యూ చేసే మనిషి రెండుసార్లు స్క్రోల్ చేసి ఓకే కొట్టేస్తాడు.

వరస ఎందుకు తప్పుతుంది?

ముఖ్యమైన దోషి హ్యాష్ టేబుల్. దీన్ని చాలా అరలున్న బీరువా అనుకోండి. వస్తువు పేరుని బట్టి ఏదో లెక్క వేసి, ఏ అర వస్తే ఆ అరలో పెట్టేస్తారు. వెతకడం చాలా ఫాస్ట్. కానీ అన్నీ బయటికి తీస్తే అరల వరసలో వస్తాయి, మీరు పెట్టిన వరసలో రావు.

దీనికి తోడు ఆ లెక్కని భాషలే కావాలని మార్చేశాయి. 2011 డిసెంబర్‌లో బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో అలెగ్జాండర్ క్లింక్, జూలియన్ వాల్డే ఒక దాడిని వివరించారు. అన్నీ ఒకే అరలో పడేలా పేర్లు తయారుచేసి పంపితే వెబ్ సర్వర్ ఊపిరాడక ఆగిపోతుంది. దానికి విరుగుడుగా ఈ లెక్కలో ర్యాండమ్ సంఖ్యని కలపడం మామూలైంది. 2012లో వచ్చిన పైథాన్ 3.3లో ఇది డిఫాల్ట్‌గా ఆన్ అయింది. రస్ట్ భాషలో స్టాండర్డ్ హ్యాష్ మ్యాప్‌కీ ర్యాండమ్ సీడ్ ఉంటుంది. గో భాష అయితే ఎవరూ మ్యాప్ వరస మీద ఆధారపడకూడదని కావాలనే ప్రతిసారీ వేరే చోట నుంచి మొదలుపెడుతుంది. సెక్యూరిటీకి ఇదంతా మంచిదే. కానీ మీ జనరేటర్ ఆ మ్యాప్‌ని ఉన్నదున్నట్టు చదివి ఫైల్‌లోకి రాస్తే, ఒకే ఇన్‌పుట్‌కి రెండుసార్లు రన్ చేసినా రెండు రకాల ఫైళ్లు వస్తాయి.

పైథాన్ 3.7 నుంచి డిక్షనరీలు పెట్టిన వరసనే గుర్తుంచుకుంటాయి కదా అంటారా? నిజమే. కానీ సెట్‌లకి ఆ హామీ లేదు. మధ్యలో ఎక్కడైనా డూప్లికేట్లు తీసేయడానికి సెట్ వాడితే వరస అక్కడే పోతుంది. హ్యాష్ సీడ్‌ని ఒక నంబర్‌కి ఫిక్స్ చేస్తే సమస్య కనపడకుండా పోతుంది గానీ తీరదు. ఆ సెట్టింగ్ లేని ఇంకో మెషీన్‌లో మళ్లీ మొదటికొస్తుంది.

హ్యాష్ టేబుల్ ఒక్కటే కాదు, వీటిమీద కూడా ఓ కన్నేయాలి:

• ఫోల్డర్‌లోని ఫైళ్ల లిస్ట్: ఏ వరసలో వస్తాయన్నది ఫైల్ సిస్టమ్ ఇష్టం. మీ ల్యాప్‌టాప్‌లో ఒకలా, సర్వర్‌లో ఇంకోలా రావచ్చు.

• తేదీ, టైమ్: "ఫలానా రోజు ఫలానా టైమ్‌కి తయారైంది" అని ఫైల్ పైన రాస్తే, ఏమీ మారకపోయినా ప్రతిసారీ ఫైల్ మారినట్టే.

• పూర్తి పాత్: రాసిన మనిషి హోమ్ ఫోల్డర్ పేరు కోడ్‌లోకి వచ్చేస్తుంది. ఒక్కో డెవలపర్ దగ్గర ఒక్కో ఫైల్.

• థ్రెడ్‌లు: నాలుగు పనులు ఒకేసారి చేసి, ఏది ముందు పూర్తయితే దాన్ని ముందు రాస్తే వరస ప్రాసెసర్ మూడ్‌ని బట్టి ఉంటుంది.

• లొకేల్: అక్షర క్రమం భాషా సెట్టింగ్‌ని బట్టి మారుతుంది. జావాలో టర్కిష్ లొకేల్ ఉంటే చిన్న "ఐ" అక్షరాన్ని పెద్దది చేసినప్పుడు మామూలు ఇంగ్లిష్ అక్షరం కాకుండా పైన చుక్క ఉన్న వేరే అక్షరం వస్తుంది. ఫంక్షన్ పేరే మారిపోతుంది.

అన్నిటినీ అక్షర క్రమంలో పెట్టేస్తే పోలా?

పోదు. వరసకి అర్థం ఉన్న చోట సార్ట్ చేస్తే కొంప మునుగుతుంది. దీనికి ఆండ్రాయిడ్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. ఏఐడీఎల్ ఫైల్‌లో మీరు మామూలుగా ఫంక్షన్లు రాసుకుంటూ పోతే, జనరేటర్ వాటికి అదే వరసలో నంబర్లు ఇస్తుంది. ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్‌ని పిలిచేటప్పుడు వెళ్లేది ఫంక్షన్ పేరు కాదు, ఆ నంబర్. ఇప్పుడు "నీట్‌గా ఉంటుంది" అని ఎవరైనా ఫంక్షన్లని అక్షర క్రమంలోకి మార్చితే, పాత వెర్షన్ యాప్ ఒక ఫంక్షన్‌ని పిలిస్తే కొత్త సర్వీస్‌లో ఇంకోటి పలుకుతుంది. ప్రోటోకాల్ బఫర్స్‌లో ఈ బాధ లేదు. అక్కడ ప్రతి ఫీల్డ్‌కీ నంబర్‌ని మనమే రాస్తాం కాబట్టి ఫైల్‌లో ఏ వరసలో ఉన్నా ఫర్వాలేదు.

కాబట్టి రూల్ ఇలా పెట్టుకోవాలి. వరసకి అర్థం ఉంటే ఇన్‌పుట్‌లో ఉన్నది ఉన్నట్టే దింపాలి. ఫంక్షన్లు, ఎన్యూమ్ విలువలు, యూజర్‌కి స్క్రీన్ మీద కనిపించే ఫీల్డ్‌లు ఇందులోకి వస్తాయి. వరసకి అర్థం లేకపోతే ఏదో ఒక స్థిరమైన రూల్‌తో సార్ట్ చేయాలి. ఇంపోర్ట్‌లు, ఫైళ్ల లిస్ట్, అంతర్గత టేబుల్స్ ఇందులోకి వస్తాయి. సార్ట్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త: రెండు ప్యాకేజీల్లో ఒకే పేరున్న క్లాసులు ఉండొచ్చు. పేరుని మాత్రమే చూసి సార్ట్ చేస్తే ఆ రెండిట్లో ఏది ముందన్నది తేలదు. ప్యాకేజీతో కలిపి పూర్తి పేరుని చూడాలి. ఇంకోటి, సార్ట్‌ని ఫైల్‌లోకి రాసే చోటే పెట్టండి. ఎక్కడో మొదట్లో సార్ట్ చేస్తే మధ్యలో ఎవరో మళ్లీ చెదరగొడతారు.

ఫార్మాటింగ్: స్పేస్‌లు లెక్కపెట్టడం మానేయండి

చాలా జనరేటర్లలో టెంప్లేట్ ఫైల్‌లోనే స్పేస్‌లు, ట్యాబ్‌లు జాగ్రత్తగా లెక్కపెట్టి రాస్తారు. ఒక "ఇఫ్" లోపల ఇంకో "ఇఫ్" వచ్చేసరికి అది చెదురుతుంది. దాన్ని సరిచేయడానికి టెంప్లేట్‌ని ఇంకా గజిబిజి చేస్తారు. అంత కష్టం అక్కర్లేదు. జనరేటర్ పని సరైన కోడ్ ఇవ్వడం. దాన్ని అందంగా పేర్చడం ఫార్మాటర్ పని.

గో భాషలో ఈ పని మొదటి నుంచీ తేలిక. ఫార్మాటర్ భాషతోపాటే వస్తుంది, దాన్ని లైబ్రరీలా జనరేటర్ లోపలి నుంచే పిలవొచ్చు. జావాకి గూగుల్ జావా ఫార్మాట్, కోట్లిన్‌కి కేటీఎఫ్ఎంటీ లాంటివి ఉన్నాయి. స్క్వేర్ కంపెనీ చేసిన జావాపోయెట్, కోట్లిన్‌పోయెట్ లైబ్రరీలు ఇంకో దారి. వీటిలో మీరు "ఈ క్లాస్‌లో ఈ ఫంక్షన్ ఉంది" అని చెప్తారు. ఇండెంట్, ఇంపోర్ట్‌లు అవే చూసుకుంటాయి.

ఫార్మాటర్ పెట్టాక నాలుగు విషయాలు మర్చిపోకూడదు.

మొదటిది, వెర్షన్‌ని ఫిక్స్ చేయాలి. ఫార్మాటర్ కొత్త వెర్షన్ రాగానే రూల్స్ కొంచెం మారతాయి. ఇద్దరు డెవలపర్ల దగ్గర రెండు వెర్షన్లు ఉంటే ఫైల్ వాళ్లిద్దరి మధ్యా బంతిలా తిరుగుతుంది.

రెండోది, ఫార్మాటర్ ఫెయిలైతే ఏం చేయాలి? కోడ్‌లో సింటాక్స్ తప్పు ఉంటే ఫార్మాటర్ ఒప్పుకోదు. అప్పుడు ఫైల్ రాయకుండా ఆగిపోతే తప్పు ఎక్కడుందో చూసే దారి ఉండదు. గో టీమ్ వాళ్ల స్ట్రింగర్ టూల్ ఇక్కడ తెలివిగా ఉంటుంది. హెచ్చరిక ఇచ్చి, ఫార్మాట్ చేయని కోడ్‌నే బయటికి ఇస్తుంది. కంపైల్ చేస్తే తప్పు ఏ లైన్‌లో ఉందో తెలిసిపోతుంది.

మూడోది, లిస్ట్‌లో ఒక్కో ఐటమ్‌ని ఒక్కో లైన్‌లో పెట్టి, చివరి ఐటమ్ తర్వాత కూడా కామా పెట్టడం. చిన్న విషయంలా ఉంటుంది గానీ, కొత్త ఐటమ్ చేర్చినప్పుడు పై లైన్ కూడా మారినట్టు కనపడదు. కోట్లిన్‌లో 1.4 వెర్షన్ నుంచి చివరి కామాని అనుమతిస్తున్నారు.

నాలుగోది మన భాషకి సంబంధించింది. లైన్ పొడవు వంద అక్షరాలు దాటకూడదు లాంటి రూల్స్ ఇంగ్లిష్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. "తెలుగు" అన్న మాట స్క్రీన్ మీద మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో 6 సంకేతాలు. యూటీఎఫ్-8లో దాచితే 18 బైట్లు. జనరేటర్ బైట్లు లెక్కపెట్టి పొడవాటి వాక్యాన్ని ముక్కలు చేస్తే ఒక అక్షరం మధ్యలో తెగిపోయి చెత్త గుర్తులు వస్తాయి. సంకేతాల లెక్కన తెంపినా "త" ఒక లైన్‌లో, దాని ఎత్వం ఇంకో లైన్‌లో పడొచ్చు. యూజర్‌కి కనిపించే వాక్యాలను జనరేటర్ అసలు విడగొట్టకపోవడమే మంచిది. లైన్ పొడవైతే కానివ్వండి.

వీటితో పాటు ఫైల్ మొదట్లో "ఇది మెషీన్ రాసిన కోడ్, చేత్తో మార్చొద్దు" అన్న కామెంట్ తప్పనిసరి. గో భాషలో ఈ వాక్యానికి ఒక స్థిరమైన రూపం ఉంది. టూల్స్ దాన్ని గుర్తుపట్టి ఆ ఫైల్‌ని వేరుగా చూస్తాయి. ఆ కామెంట్‌లో జనరేటర్ పేరు రాయండి, తేదీ మాత్రం వద్దు.

టెస్టులు: జనరేటర్ తన పేపర్ తానే దిద్దుకుంటే?

అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు ఇది. కోడ్‌తో పాటు టెస్టులు కూడా జనరేటరే రాసిస్తుందంటే వినడానికి బాగుంటుంది. కానీ రెండూ ఒకే టెంప్లేట్ నుంచి వస్తే, కోడ్‌లో ఏ తప్పు ఉందో టెస్ట్‌లోనూ అదే తప్పు ఉంటుంది. మన ఉదాహరణలో జనరేటర్ ర్యామ్ చోట స్టోరేజ్ చదువుతోందనుకోండి. టెస్ట్ కూడా అదే ఆశిస్తుంది. అన్నీ గ్రీన్. యాప్‌లో మాత్రం 128 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్ కనిపిస్తుంది!

ఇంకో మామూలు లోపం శాంపిల్ విలువలది. జనరేటర్ అన్ని నంబర్ ఫీల్డ్‌లకీ 1 పెట్టి టెస్ట్ రాస్తే, ర్యామ్ 1, స్టోరేజ్ 1. రెండూ తారుమారైనా టెస్ట్ పాసవుతుంది. ర్యామ్‌కి 8, స్టోరేజ్‌కి 256, బ్యాటరీకి 5000 అని ప్రతి ఫీల్డ్‌కీ వేర్వేరు విలువ ఇస్తే చాలు, ఈ రకం బగ్ అక్కడికక్కడే దొరుకుతుంది. ఈ ఆర్టికల్‌లో ఒక్క టిప్ మాత్రమే తీసుకోవాలంటే ఇదే తీసుకోండి.

పనికొచ్చే టెస్టులు ఇవి:

• రెండుసార్లు రన్: ఒకే ఇన్‌పుట్‌తో, రెండు వేరే ప్రాసెస్‌లలో, రెండు వేరే ఫోల్డర్లలో రన్ చేసి ఫైళ్లను బైట్ బైట్ పోల్చాలి. కొంచెం తేడా ఉన్నా ఫెయిల్.

• కలిపేసి రన్: వరసకి అర్థం లేని ఇన్‌పుట్‌ని కావాలనే చెదరగొట్టి ఇవ్వాలి. అవుట్‌పుట్ మారకూడదు. రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ ప్రాజెక్ట్‌లో దీనికోసమే డిస్ఆర్డర్‌ఎఫ్ఎస్ అనే టూల్ ఉంది. అది ఫోల్డర్‌లోని ఫైళ్లని కావాలనే వేరే వరసలో చూపిస్తుంది.

• గోల్డెన్ ఫైల్: సరైన అవుట్‌పుట్‌ని ఒకసారి మనిషి చదివి దాచాలి. తర్వాత ప్రతిసారీ దానితో పోల్చాలి. అయితే "గోల్డెన్ ఫైళ్లన్నీ అప్‌డేట్ చెయ్" అనే ఒక్క కమాండ్‌తో ఈ రక్షణ మొత్తం పోతుంది. మారిన ఫైల్‌ని చదవకుండా ఆ కమాండ్ కొట్టకూడదు.

• కంపైల్ చేసి నడపడం: అవుట్‌పుట్ టెక్స్ట్ గోల్డెన్ ఫైల్‌తో సరిపోయినా కోడ్ పనిచేస్తుందని గ్యారంటీ లేదు. దాన్ని కంపైల్ చేసి, డేటా రాసి, తిరిగి చదివితే అదే రావాలి.

• రెండోసారి ఫార్మాట్: ఫార్మాట్ చేసిన ఫైల్‌ని మళ్లీ ఫార్మాట్ చేస్తే ఏమీ మారకూడదు.

• ర్యాండమ్ ఇన్‌పుట్: హాస్కెల్ భాషలో పుట్టిన క్విక్‌చెక్, పైథాన్‌లోని హైపోథిసిస్ లాంటి టూల్స్ మనకి తట్టని ఇన్‌పుట్‌లు తయారుచేస్తాయి. ఖాళీ పేరు, సున్నా ధర, తెలుగులో పేరు, భాషలో రిజర్వ్ అయిన పదమే ఫీల్డ్ పేరు కావడం లాంటివి. ఫెయిలైనప్పుడు సీడ్ నంబర్‌ని ప్రింట్ చేయించండి. లేకపోతే ఆ బగ్ మళ్లీ దొరకదు.

ర్యాండమ్ టెస్టుల దమ్మేంటో తెలియాలంటే సీస్మిత్ కథ చాలు. అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ యూటా పరిశోధకులు చేసిన ఈ టూల్ ర్యాండమ్‌గా సీ ప్రోగ్రామ్‌లు రాస్తుంది. ఒకే ప్రోగ్రామ్‌ని రకరకాల కంపైలర్లకి ఇచ్చి జవాబులు పోల్చుతారు. ఒకటి వేరుగా చెప్తే ఎక్కడో బగ్ ఉన్నట్టే. 2011లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం ఇలా 325కి పైగా కొత్త బగ్స్ బయటపడ్డాయి. ఇక్కడ కిటుకు చూడండి: టెస్ట్ రాసేదీ జవాబు చెప్పేదీ వేర్వేరు. తన పేపర్ తానే దిద్దుకోవడం లేదు.

సరే, మన ఫోన్‌కి ఏంటి లాభం?

ముందు ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. సోర్స్ కోడ్‌లోని స్పేస్‌లు ఏపీకేలోకి రావు. ఫార్మాటింగ్ మార్చినంత మాత్రాన యాప్ ఫాస్ట్ అవ్వదు. లైన్ నంబర్ల సమాచారం మాత్రం డీబగ్ డేటాగా లోపలికి వెళ్లొచ్చు. వరస సంగతి వేరు, దాని ప్రభావం మూడు చోట్ల కనిపిస్తుంది.

ఒకటి, డేటా ఖర్చు. ప్లే స్టోర్ అప్‌డేట్ ఇచ్చేటప్పుడు కుదిరినంతవరకు పాత, కొత్త ఫైళ్ల మధ్య తేడానే పంపుతుంది. 2016 డిసెంబర్‌లో ఫైల్ బై ఫైల్ ప్యాచింగ్ తెచ్చినప్పుడు, ఈ పద్ధతిలో అప్‌డేట్‌లు పూర్తి యాప్ కంటే సగటున 65% చిన్నగా ఉంటాయని గూగుల్ చెప్పింది. అవసరం లేకుండా లోపలి వరస మారితే ఆ తేడా పెరుగుతుంది. ఎంతన్నది యాప్‌ని బట్టి ఉంటుంది.

రెండు, నమ్మకం. సిగ్నల్ యాప్ 2016లోనే ఆండ్రాయిడ్ వెర్షన్‌కి రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ తెచ్చింది. అంటే బయట పెట్టిన సోర్స్ నుంచి ఎవరైనా సొంతంగా యాప్ బిల్డ్ చేసి, ప్లే స్టోర్‌లోని దానితో పోల్చుకోవచ్చు. ఎఫ్-డ్రాయిడ్ స్టోర్ కూడా ఈ దారిలోనే వెళ్తోంది. ఒక్క జనరేటర్ వరస తప్పినా ఈ పోలిక ఫెయిలవుతుంది. బేస్‌లైన్ ప్రొఫైల్ ఫైళ్లు బిల్డ్ బిల్డ్‌కీ మారడం ఇలాంటి అడ్డంకేనని ఎఫ్-డ్రాయిడ్ డాక్యుమెంటేషన్‌లో ఉంది. కలవకపోతే అది అమాయకమైన వరస తేడానా, లేక ఎవరైనా ఏదైనా దూర్చారా అన్నది తేల్చడం కష్టం.

మూడు, బిల్డ్ టైమ్. గ్రేడిల్ లాంటి బిల్డ్ సిస్టమ్ ఇన్‌పుట్ మారకపోతే పాత ఫలితాన్నే వాడుకుంటుంది. జనరేటర్ ప్రతిసారీ కొత్త వరసలో రాస్తే దాని తర్వాతి పనులన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాలి. డెవలపర్లు ఎదురుచూస్తూ కూర్చుంటారు, ఫిక్స్ మన దాకా రావడం లేటవుతుంది.

ఏ వరసలో సరిచేయాలి?

మూడూ ఒకేసారి ముట్టుకోవద్దు. మొదట ఇప్పుడున్న అవుట్‌పుట్ పనితీరుని పట్టి ఉంచే టెస్టులు రాయండి. తర్వాత వరస సరిచేయండి. ఆ తర్వాతే ఫార్మాటర్. ప్రతిదాన్నీ వేరే కమిట్‌గా పెట్టండి, అందులో ఇంకే మార్పూ కలపొద్దు. ఫార్మాటింగ్ కమిట్ వల్ల ఎవరు ఏ లైన్ రాశారన్న చరిత్ర పోతుందని భయపడక్కర్లేదు. అలాంటి కమిట్‌లను బ్లేమ్ లెక్కలోంచి తప్పించే సౌకర్యం గిట్ 2.23 నుంచి ఉంది. చివరగా సీఐ సర్వర్‌లో ఒక చెక్ పెట్టండి: జనరేటర్‌ని మళ్లీ రన్ చేస్తే ఫైళ్లలో తేడా వచ్చిందా? వస్తే బిల్డ్ ఆగిపోవాలి.

ఏఐతో కోడ్ రాయించుకునేవాళ్లకి ఇంకో మాట. అదే ప్రశ్నకి ఏఐ ప్రతిసారీ అదే జవాబు ఇస్తుందన్న హామీ లేదు. యాభై ఫైళ్లని ప్రతిసారీ ఏఐతో కొత్తగా రాయించే బదులు, ఆ యాభై ఫైళ్లని రాసే చిన్న జనరేటర్‌ని ఒక్కసారి రాయించండి. దాన్ని మనిషి చదవొచ్చు, పైన చెప్పిన టెస్టులన్నీ దానికి పెట్టొచ్చు.

మా మాట

కోడ్ జనరేటర్‌ని కొలవడానికి స్పీడ్ కంటే మంచి కొలత ఒకటుంది. వివరణ ఫైల్‌లో ఒక ఫీల్డ్ చేర్చి, జనరేటర్‌ని రన్ చేసి, ఎన్ని లైన్లు మారాయో చూడండి. ఆ ఫీల్డ్ గురించినవే మారితే జనరేటర్ బాగున్నట్టు. మిగతావి కూడా కదిలితే, ప్రతి అప్‌డేట్‌లోనూ మీ టీమ్ కళ్లు మూసుకుని సంతకం పెడుతోందన్నమాట.